పిచ్చోడికి కూలెందుకన్నారు!

"పిచ్చోడికి కూలెందుకబ్బా? మూడు పూటలా అన్నం పెడతా ఉండాం గదా!"

ఈ మాట అన్నది రొయ్యల గుంటల ఆసామి ఒకాయన. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రం పక్క. మా అన్నకు రావాల్సిన కూలి అడగడానికి మేము నలుగురం పోయినప్పుడు అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నవ్వుతా అన్నాడు. టీ తెప్పించి మరీ అన్నాడు. (పేపరు గ్లాసుల్లోనే లెండి. మాకు వేరే గ్లాసు పెట్టే బాధ ఆసాములకు ఈ పేపరు గ్లాసులొచ్చి తప్పించినయ్.)

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ మాట ఎక్కడో విన్నామే అని వెతుక్కున్నాం. మా తాత జీతగాడుగా ఉన్నప్పుడు ఆయన్ని అన్న మాటే ఇది. "గంజి పోస్తా ఉండాం గదరా, మళ్ళీ గింజలెందుకు?" అనేవాళ్ళంట. అప్పుడు కులం పేరు పెట్టి ఎగ్గొట్టారు, ఇప్పుడు రోగం పేరు పెట్టి ఎగ్గొడుతున్నారు. కులం, రోగం రెండూ ఒక్కడికే ఉంటే ఎగ్గొట్టేవాడికి ఇంకా సుఖం.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. మా వాడలో పదో తరగతి పాసయిన రెండో మనిషి. నెల్లూరులో డిగ్రీ చదువుతా ఉండగా 1998లో రోగం తగులుకుంది. గోడ అవతల నుంచి ఎవరో తనను తిడుతున్నారనేవాడు. అన్నంలో ఏదో కలిపారని పళ్ళెం తోసేసేవాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, సోది అడిగారు, కోడిని కోశారు. ఏ.ఎస్.పేట దర్గాకు, కసుమూరు దర్గాకు తిప్పారు. దర్గాల్ని మేము తప్పు పట్టం. అక్కడ మా పెద్దమ్మను నీదే కులమని ఎవరూ అడగలేదు, పడుకోవడానికి ఇంత చోటిచ్చారు. డాక్టరు గడప తొక్కేసరికి మాత్రం మూడేళ్ళు గడిచిపోయినయ్. పాడి గేదె పోయింది, పెద్దమ్మ కమ్మలు పోయినయ్. రోగం మొదలైనాక మందు పడటానికి ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమని డాక్టర్లు చెబుతారు. ఆ మూడేళ్ళూ ఇప్పటికీ అన్న నెత్తి మీద అప్పులాగా కూర్చోనున్నయ్.

మరి మేమేం చేస్తున్నాం? సాంఘిక సంక్షేమ హాస్టల్లో కూర్చోని అంబేద్కర్ పుస్తకాలు చదువుతున్నాం. చుండూరు మీద, కారంచేడు మీద ఉపన్యాసాలు దంచుతున్నాం. ఇంటి దగ్గర అన్న నిట్టాడికి కట్టేసి ఉన్నాడు. సెలవులకు పోయినప్పుడు ఆ తాడును కళ్ళారా చూశాం. సిగ్గుపడ్డాం. సిగ్గు అన్నను కట్టేసినందుకు కాదు, మా ఇంట్లో పిచ్చోడున్నాడని హాస్టల్లో ఎవరికైనా తెలిసిపోతుందేమోనని. ఈ మాట రాయడానికి మాకు పాతికేళ్ళు పట్టింది.

ఇది కులం చూసి వచ్చే రోగమా? కాదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ ఏ ఇంటికైనా రావచ్చు. బంగళాలో ఉన్నోడికీ వస్తయ్, పూరింట్లో ఉన్నోడికీ వస్తయ్. అయితే అవమానంలో బతకడానికీ వీటికీ సంబంధమే లేదనడానికి కూడా వీల్లేదు. ఇంగ్లండుకు వలసపోయిన కరీబియన్ దీవుల నల్లవాళ్ళల్లో ఈ రకం రోగాలు అక్కడి తెల్లవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ తేల్చినయ్. వాళ్ళ సొంత దీవుల్లో చూస్తే అంత లేవు. రక్తంలోనే ఉంటే అక్కడా ఉండాలి గదా! పరాయివాడిగా, తక్కువవాడిగా రోజూ బతకడంలో ఏదో ఉందని అక్కడి డాక్టర్లే రాస్తున్నారు. మన దేశంలో కులాన్ని పట్టుకోని ఆ లెక్క అంత గట్టిగా తీసే పని మీద ఎవరికి శ్రద్ధ ఉంటుంది? 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. 12 రాష్ట్రాల్లో చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. ఆ 12 రాష్ట్రాల్లో తేలిందేమంటే, రోగాన్ని బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్ళేనని. ఆ నూటికి 70లో, 92లో ఎవరుంటారో మనకు సర్వే అక్కర్లేదు.

కాబట్టి మేమనేది ఇది. రోగం ఎవరికి రావాలో కులం ఒక్కటే తేల్చదు. వచ్చినాక ఎవడు లేచి నిలబడాలో మాత్రం చాలా వరకు అదే తేలుస్తుంది. ఉన్నోడి కొడుక్కు రోగమొస్తే చెన్నైలో గది తీసుకోని ఆరు నెలలు వైద్యం చేయిస్తారు, ఎవరికీ చెప్పరు, తిరిగొచ్చినాక కొట్టులో కూర్చోబెడతారు. మా అన్నకు రోగమొస్తే ఊరందరికీ తెలిసిపోయింది, పేరు పోయి 'పిచ్చోడు' అనేదే పేరైంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మందులు పడినాక అన్నకు ఆ మాటలు వినపడటం తగ్గిపోయింది. అనుమానాలు పోయినయ్. రాత్రి నిద్రపోతున్నాడు. ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం. కానీ మనిషి పూర్తిగా రాలేదు. కొట్టుకు మూడు సరుకులకు పంపిస్తే ఒకటి తెచ్చేవాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బిత్తరపోయేవాడు. డిగ్రీ చదివిన మనిషి పది రూపాయలకు చిల్లర లెక్క కోసం వేళ్ళు మడిచేవాడు. ఏదైనా అడిగితే జవాబు రావడానికి ఎంతో సేపు పట్టేది. "బద్ధకం" అన్నారు. "మందులకు మొద్దుబారిపోయాడు" అన్నారు. "బుర్ర చెడిపోయింది, ఇక అంతే" అని మేము కూడా అనుకున్నాం.

అది బద్ధకం కాదు. రోగంలో ఇదొక భాగం. గమనం నిలపడం, గుర్తుపెట్టుకోవడం, పనుల్ని వరసలో పెట్టుకోవడం, ఎదుటి మనిషి మొహం చూసి మనసు తెలుసుకోవడం - ఇవన్నీ దెబ్బతింటయ్. చాలామందికి గోడ అవతల మాటలు మొదలుకాక ముందే ఇవి మొదలవుతయ్. మాటలు వినపడటం మీద మందులు బాగా పనిచేస్తయ్ గానీ ఈ మూడో దాని మీద పెద్దగా పనిచేయవు. మనిషి మళ్ళీ పనిలో నిలబడతాడా లేదా అనేది తేలేది చాలావరకు ఇక్కడే. ఇంత ముఖ్యమైన సంగతి పాతికేళ్ళలో ఏ ఆసుపత్రిలోనూ మా ఇంటోళ్ళకు ఒక్కరూ చెప్పలేదు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపారు.

1890ల్లో జర్మనీ డాక్టరు ఎమిల్ క్రెపెలిన్ ఈ రోగానికి ఒక పేరు పెట్టాడు. దాని అర్థం 'చిన్న వయసులోనే వచ్చే మతిక్షయం' అని. అంటే ఇక దిగజారడమే తప్ప లేవడం ఉండదని ఆయన లెక్క. 1908లో స్విట్జర్లాండ్ డాక్టరు బ్లూలర్ అది సరిగాదని స్కిజోఫ్రీనియా అని పేరు మార్చాడు. అందరికీ క్షయం కాదు, బాగుపడేవాళ్ళు ఉన్నారని చూపించాడు. లోకం పేరు మార్చి నూరేళ్ళు దాటింది. మన ఊళ్ళు మాత్రం క్రెపెలిన్ దగ్గరే ఆగిపోయినయ్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో ఈ రోగుల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసింది. మన ఆగ్రా కూడా అందులో ఉంది. ధనిక దేశాల్లోకంటే మన దేశంలో, నైజీరియాలో కోలుకున్నవాళ్ళు ఎక్కువని తేలింది. దాని మీద పండితులు ఇంకా పోట్లాడుకుంటానే ఉన్నారు. ఈ సంగతి దొరికిందే చాలని మన పల్లెటూరి ప్రేమికులు "చూశారా మన పల్లెల గొప్ప, మన కుటుంబాల గొప్ప" అని మొదలుపెడతారు. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఈ పల్లెల గురించి ఏమన్నాడో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేము చెప్పనక్కర్లేదు. పల్లె ప్రేమతో ఎవరికీ నయం కాదు. మాకు తోచింది చెబుతాం: అప్పట్లో నిదానంగా చేసుకునే పని ఉండేది. గొడ్లు కాసుకోవచ్చు. కయ్యలో కలుపు తీసే గుంపులో ఒక పక్కన కూర్చోని తన చేతనైనంత తీయొచ్చు. పది మందిలో ఒకడు మెల్లిగా చేసినా గుంపు లాక్కుపోయేది. ఇప్పుడు కోతకు మిషన్లొచ్చినయ్. కయ్యలు రొయ్యల గుంటలైనయ్, గొడ్లు మేసే బీళ్ళు కూడా గుంటలైనయ్. మెల్లిగా చేసేవాడికి మిగిలింది గుంట కాడ రాత్రి కాపలా, అదీ కూలి లేకుండా.

అన్నతో మేమేం చేశామో రాస్తాం. గొప్ప కోసం కాదు, ఇంకో ఇంట్లో పనికొస్తుందని.

మొదటిది మందుల చీటీ. కాళ్ళు చేతులు బిగుసుకోకుండా, వణుకు రాకుండా ట్రైహెక్సిఫెనిడిల్ అనే బిళ్ళ కలిపి ఇస్తారు. కొందరికి అది అవసరమే. కానీ ఏళ్ళ తరబడి మింగితే అదే జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది. అన్న దాన్ని పన్నెండేళ్ళు మింగాడు. పాత చీటీ చూపిస్తే కొత్త చీటీలోకి ఎక్కించడమే గానీ ఇంకా కావాలా అని చూసినవాడు లేడు. ఒక కుర్ర డాక్టరమ్మ చూసి "ఇదెందుకింకా?" అని, నెలల మీద మెల్లిగా తగ్గిస్తా పోయింది. ఆరు నెలలకు తేడా మాకే కనపడింది. చదివేవాళ్ళు జాగ్రత్త: ఎవరంతట వాళ్ళు ఏ బిళ్ళా ఆపకూడదు. ఆపితే రోగం తిరగబెడుతుంది. డాక్టరును అడగాలి. అడగడం మన హక్కు.

రెండోది మేము పంతుళ్ళం కాబట్టి మాకు తెలిసిన పని. సాయంత్రం మూడో తరగతి పిల్లలతో పాటు అన్నను కూర్చోబెట్టాం. ముందు సిగ్గుపడ్డాడు. లెక్కలు, చూచిరాత, పేపరులో ఒక వార్త చదివి పుస్తకం మూసి అందులో ఏముందో చెప్పడం. ఒకసారికి ఒక్కటే పని. తప్పు పోతే నవ్వకూడదని పిల్లలకు ముందే చెప్పాం. పెద్దోళ్ళకంటే పిల్లలే ఆ మాట నిలబెట్టుకున్నారు. తరవాత బండ మీద గీసిన పులిజూదం. నాలుగెత్తులు ముందు ఆలోచించాలి గదా ఆ ఆటలో! మొదటి నెలంతా ఓడిపోయాడు. ఇప్పుడు మాతో ఆడి గెలుస్తాడు. పట్నాల్లో ఈ పనికే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అభ్యాసాలు చేయిస్తారంట, దానికి కాగ్నిటివ్ రెమిడియేషన్ అని పేరు. అది చేసినవాళ్ళు చెప్పేది కూడా ఒకటుంది: అభ్యాసం ఒక్కటే అయితే లాభం కొంచెమే, నిజమైన పనితో, బతుకుతో కలిపి చేస్తేనే నిలుస్తుంది. దినామూ నడక కూడా బుర్రకు మంచిదని తేల్చారు. అన్న తెల్లారి కోడూరు సముద్రం దాకా నడుస్తాడు.

మూడోది నోటుబుక్కు. గుర్తుండనిది రాసుకోవాలి, అందులో చిన్నతనమేమీ లేదు. గుంటకు మేత ఎన్నిసార్లు, ఏ టైముకు, ఏరియేటరు ఎప్పుడు వేశాడు, ఎప్పుడు తీశాడు, కరెంటు ఎప్పుడు పోయింది - అన్నీ అన్న రాస్తాడు. సెల్లులో అలారం పెట్టుకుంటాడు. అతను కాపలా ఉన్న గుంటలో రొయ్య ఊపిరాడక తేలిందని ఒక్కరోజు మాట రాలేదు. ఆ సంగతి ఆసామే ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటానే కూలెందుకంటాడు!

నాలుగోది మేము ఇంకా సరిగ్గా చేయలేకపోతున్నది, నోరు అదుపులో పెట్టుకోవడం. పొద్దస్తమానం సతాయించే ఇంట్లో, ఎద్దేవా చేసే ఇంట్లో రోగం ఎక్కువసార్లు తిరగబెడుతుందని లండన్‌లోనూ చూశారు, చండీగఢ్‌లోనూ చూశారు. వదిన గమ్మునుంటుంది. కోపం మాకే ఎక్కువ.

ఆడవాళ్ళ సంగతి వేరే రాయాలి. మగవాడికి రోగమొస్తే పెళ్ళాం చాకిరీ చేస్తుంది. ఆడమనిషికి వస్తే పుట్టింట్లో దించిపోతారు. మా వాడలోనే ఇద్దరున్నారు. సారా మీద 1992లో దూబగుంట నుంచి లేచిన జిల్లా ఇది. ఆ ఆడవాళ్ళ కూతుళ్ళకు ఇవాళ నిద్ర పట్టక బిళ్ళలు మింగాల్సి వస్తే ఎవరూ అడగరు.

నెల్లూరోళ్ళకు మొదటి నుంచీ పెద్ద రోగమంటే మద్రాసే. 1794లో మొదలైన కీల్పాక్ ఆసుపత్రి పేరు మన ముసలోళ్ళకు తిట్టు కింద తెలుసు. ఆ ఆసుపత్రిని 1961 నుంచి 1978 దాకా నడిపిన డాక్టర్ శారదా మీనన్ రిటైరయినాక ఊరుకోలేదు. 1984లో స్కార్ఫ్ అనే సంస్థ పెట్టింది, గదిలో పెట్టి తాళం వేయడం కాదు, పని నేర్పించి ఇంటికి పంపాలని. ఆ సంస్థ వాళ్ళు ఇంకొందరితో కలిసి కాంచీపురం పల్లెల్లో, గోవాలో, సతారాలో ఒక ప్రయత్నం చేశారు. ఊళ్ళో వాళ్ళకే తర్ఫీదిచ్చి రోగుల ఇళ్ళకు పంపారు. 282 మంది మీద చూసిన ఆ ఫలితాలు 2014లో అచ్చయినయ్. అద్భుతమేమీ జరగలేదు, నిజం చెప్పాలి. ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే కొంత మెరుగైంది. ఆ మెరుగు కాంచీపురం పల్లెల్లోనే ఎక్కువ కనిపించింది. పెద్ద డాక్టర్లు అందుబాటులో లేని చోటే ఇంటికొచ్చే మనిషి విలువ ఎక్కువ. మన మండలం అలాంటి చోటే. మన వాడల్లో ఇంటర్లు, డిగ్రీలు చేసి ఖాళీగా ఉన్న పిల్లలెంతమంది! ఆశా కార్యకర్తలున్నారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు మన రాష్ట్రంలో మొదట మెదక్‌లో పెట్టారు. దాదాపు మూడు పదులేళ్ళ తరవాత కూడా మా వాడకు ఆ పేరుతో వచ్చిన మనిషిని మేము చూడలేదు. 2022 అక్టోబరు నుంచి 14416 అని ఒక ఫోను నంబరుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఫోను మంచిదే. ఫోను ఇంటికొచ్చి పులిజూదం ఆడదు గదా!

ఆగస్టు 6 అంటే మనకు చుండూరు. 1991. ఎనిమిది మంది మనవాళ్ళు. సరిగ్గా పదేళ్ళకు అదే ఆగస్టు 6న, 2001లో, తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర ఒకడు డబ్బు తీసుకోని నడిపే తాటాకుల కొట్టంలో నిప్పంటుకోని 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పరుగెత్తడానికి లేదు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మనం ఏటా ఆ రోజు సభ పెడుతున్నాం. ఒక్కసారన్నా ఆ 28 మంది పేరెత్తామా? వాళ్ళ కులం మాకు తెలియదు. కులం తెలిస్తే తప్ప ఏడవకూడదా?

ఇంకో సంగతి, మన రాతల గురించే. కులోన్మాదం, మతోన్మాదం, కులపిచ్చి అని ఎడాపెడా రాస్తాం. మేమూ రాశాం. ఇక రాయం. చంపినోళ్ళకు ఉన్మాదం లేదు. ఎవరి కూలి ఎంత, ఎవరి భూమి ఎవరిది, ఎవడు తలెత్తాడు అని లెక్క చూసుకోని చంపారు. కులం పిచ్చి కాదు, లెక్క. మా అన్నది పిచ్చి అంటారు, ఆయన ఈగను కూడా చంపలేదు. వాళ్ళ పాపాన్ని మన రోగుల పేరు మీద రాయడమెందుకు?

చట్టాలు లేవా అంటే ఉన్నయ్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకొచ్చింది. మనిషిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదని అందులో రాసుంది, ప్రభుత్వ వైద్యం హక్కని రాసుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రోగం కూడా ఉంది. అందులో 92వ సెక్షను మన సంఘాలన్నీ చదవాలి. పదిమందిలో అవమానించాలని తిట్టినా బెదిరించినా ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు. ఎక్కడో విన్నట్టుంది గదా! 1989 అట్రాసిటీ చట్టం మాటలే దాదాపుగా అక్కడా ఉన్నయ్. మనం కొట్లాడి తెచ్చుకున్న అచ్చులోనే వాళ్ళ చట్టమూ పోతపోశారు. పింఛను ఉంది, 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. దానికి సదరం సర్టిఫికెట్టు కావాలి, నూటికి 40 పైన ఉండాలి. కాలు లేనివాడికి కాలు లేదని కనపడుతుంది. అన్నను బోర్డు ముందు నిలబెడితే శుభ్రంగా గడ్డం చేసుకోని పోయి పేరు, ఊరు చెప్పాడు. "బాగానే ఉన్నాడే" అన్నారు. బాగుపడితే పింఛను లేదు, బాగుపడ్డాడని చెప్పుకుంటే పని లేదు! దివ్యాంగులని ముద్దుపేరు ఒకటి పెట్టారు పైగా. మనకు హరిజనులని పెట్టినట్టే. పేరు వాళ్ళకే ఉంచుకోమనండి, కూలి ఇమ్మనండి.

కనీస వేతనం అనే మాట ఈ దేశంలో 1948 నుంచీ చట్టంలో ఉంది. రోగమొచ్చి బాగుపడినోడికి సగమని అందులో ఎక్కడా లేదు. మన కూలి సంఘాలు కూలి రేట్లు మాట్లాడేటప్పుడు వాడలో మందులు వాడుతూ పనికి పోయేవాళ్ళ పేర్లు కూడా కలుపుకోవాలి. వాళ్ళను ఇంటికి తెచ్చుకోవడం కాదు మేము అడిగేది, గుంపులోకి తీసుకోమంటున్నాం. పని ఉంటేనే బుర్ర పదునెక్కుతుంది, కూలి ఉంటేనే ఆ పని పనవుతుంది. అన్నం పెట్టి చేయించుకునే పనితో మనిషికి తానొక మనిషినని తెలియదు.

ఇప్పుడు కూలి తగాదా కార్మిక శాఖ అధికారి దగ్గరుంది. ఆసామి "ఎన్ని రాత్రులు చేశాడో వాడికేం తెలుసు, వాడికి నిన్నటిది గుర్తుండదు" అన్నాడు. అన్న సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. నూట పదమూడు రాత్రులు. మేత టైములతో సహా. అధికారి పేజీలు తిప్పుతా ఉంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు. రెండు పేజీలు వానకు తడిసి అక్షరాలు అలికిపోయినయ్. ఆ రాత్రులకు సాక్ష్యం కావాలన్నారు. పక్క గుంట కాపలాదారుడు మా వాడవాడే, ఆ రాత్రుల్లో ఇద్దరూ కలిసే బీడీ కాల్చుకున్నారు. ఆయన కూడా అదే ఆసామి బావమరిది కింద పనిచేస్తాడు. వచ్చే సోమవారం పేషీ. ఆయన ఇంకా ఊఁ అనలేదు.